కుర్చీ కూడా కదపవద్దన్న కౌంట్: మోయిజ్ ద కమోందో గురించి

పాతపుస్తకం:

బ్యాంకర్ల కళాపోషణ గురించి ఈ వేదికలో ఎప్పుడు మాట వచ్చినా మెడిచీలు అనే ఇటలీ బ్యాంకర్ల వంశంతో మొదలై రాత్‌షీల్డుల బ్యాంకు కుటుంబంతో ముగుస్తుంది. కౌంట్ మోయిజ్ ద కమోందో (1860–1935) పేరు ఎవరూ ఎత్తరు. అందుకే ఈ చర్చ.

పుట్టింది ఇస్తాంబుల్‌లో. స్పెయిన్ నుంచి తరిమివేతకు గురైన యూదుల సంతతి. 1802లో పెట్టిన కుటుంబ బ్యాంకు ఆటోమన్ సుల్తానుల ఖజానాకే అప్పులిచ్చే స్థాయికి ఎదిగింది. ముత్తాత అబ్రహాం సాలమన్‌కు ఇటలీ రాజు రెండో విక్టర్ ఇమ్మాన్యుయేల్ 1867లో కౌంట్ బిరుదు ఇచ్చాడు, అదీ వంశపారంపర్యంగా. రెండేళ్లకు కుటుంబమంతా పారిస్ తరలింది. అప్పటికి మోయిజ్‌కు తొమ్మిదేళ్లు.

పెద్దయ్యాక ఆయనకు బ్యాంకు కంటే 18వ శతాబ్దపు ఫ్రెంచి బల్లలు, కుర్చీలు, పింగాణీ, తివాచీల మీదే మనసు. పారిస్‌లో మోన్సో పార్కును ఆనుకుని ఉన్న తల్లిదండ్రుల భవనం తల్లి పోయాక తన చేతికి వచ్చింది. వెంటనే దాన్ని నేలమట్టం చేయించాడు. 1911–14 మధ్య రెనే సెర్జాన్ అనే వాస్తుశిల్పి చేత, వెర్సాయ్‌లోని పెటిట్ ట్రియానాన్ అనే చిన్న రాజభవనం పోలికతో కొత్త ఇల్లు కట్టించాడు. ఇల్లు కట్టి సామాను కొన్నవారిని చూశాం. ఈయన దగ్గర ఉన్న సామానుకు, పాత భవనాల నుంచి కొన్న చెక్క పలకలకు సరిపోయేలా గదులు కట్టించాడు.

కొడుకు నిస్సిమ్ మొదటి ప్రపంచ యుద్ధంలో విమానదళంలో చేరి, 1917 సెప్టెంబరు 5న లొరేన్ ప్రాంతంలో నేలకూలాడు. వయసు 25. తండ్రి బ్యాంకు మూసేశాడు. 1924లో వీలునామా రాశాడు: ఇల్లు, అందులోని సామగ్రి మొత్తం ఫ్రాన్స్ అలంకార కళల సంస్థకు. మ్యూజియానికి కొడుకు పేరు పెట్టాలి. దేన్నీ బయటికి అరువివ్వకూడదు, చోటు మార్చకూడదు. 1935లో ఆయన పోయాడు, 1936 డిసెంబరులో మ్యూజియం తెరిచారు.

నా దృష్టిలో ఇది దానం కంటే పంతం. ఆ పంతమే నాకు నచ్చింది. మీరేమంటారు?

సందేహాలరావు:

పంతమే. అందులో మెచ్చుకోవలసింది ఏముందో అర్థం కాలేదు. ఆసుపత్రి కట్టించలేదు, బడి పెట్టించలేదు. పోయిన రాజుల కుర్చీలు పోగేసి, "ముట్టుకోకండి" అని బోర్డు పెట్టించి పోయాడు. ఆ డబ్బు ఎక్కడిది? సుల్తానుకిచ్చిన అప్పుల మీద వడ్డీ. ఆ వడ్డీ కట్టింది అనటోలియా రైతు. వడ్డీ వ్యాపారికి కళాపోషకుడని పేరు పెడితే చరిత్ర మారిపోతుందా?

విశ్రాంత క్యాషియర్:

రావుగారూ, బ్యాంకు ఉద్యోగం చేసి రిటైరైనవాడిని కాబట్టి అప్పుల వైపు నుంచి రెండు మాటలు.

ఇస్తాంబుల్‌లోని గలాటా పేటలో గలాటా బ్యాంకర్లని ఒక వర్గం ఉండేది. యూదులు, గ్రీకులు, ఆర్మేనియన్లు. సుల్తాను ఖజానాకు సైనికుల జీతాలకు రొక్కం కావాలి, పన్నులు వసూలై రావడానికి నెలలు పడుతుంది. ఆ మధ్యకాలానికి వీళ్లు అప్పిచ్చేవారు, రాబోయే పన్నుల ఆదాయం మీద హక్కు రాయించుకునేవారు. వడ్డీ గట్టిగానే ఉండేది, ఎందుకంటే తీసుకున్నవాడు సుల్తాను. ఎగ్గొడితే ఏ కోర్టుకు పోతారు? క్రిమియా యుద్ధంతో ఖర్చులు మితిమీరి, 1854లో ఆటోమన్లు మొదటిసారి విదేశీ రుణానికి వెళ్లారు. ఇరవై ఏళ్లు తిరిగేసరికి, 1875లో, చేతులెత్తేశారు. 1881లో అప్పులిచ్చినవాళ్ల ప్రతినిధులే కూర్చుని ఉప్పు, పొగాకు ఆదాయాలు వసూలు చేసుకునే దాకా వచ్చింది.

కమోందోలు పారిస్ చేరింది 1869లో, అంటే ఆ దివాలాకు ఆరేళ్ల ముందు. గాలి ఎటు వీస్తుందో తెలిసిన బ్యాంకరు చేసే పని అది.

బడి పెట్టించలేదన్నారు. మనవళ్లతో పారిస్ వెళ్లిన ఆ ముత్తాత అబ్రహాం సాలమన్ ఇస్తాంబుల్‌లో యూదుల పిల్లలకు బడి పెట్టించాడు. అందులో ఫ్రెంచి, టర్కీ భాషలు చెప్పిస్తున్నాడని ఛాందస రబ్బీలు ఆయన్ని వెలివేసే దాకా వెళ్లారు. 1873లో పారిస్‌లో పోయినా, తన కోరిక ప్రకారం ఇస్తాంబుల్‌లోనే సమాధి చేశారు. మీ లెక్క ఆ కుటుంబంలో మూడు తరాల ముందే చెల్లింది.

మేడమెట్లు:

గలాటా అంటే గుర్తొచ్చింది. ఇస్తాంబుల్ వెళ్లినవాళ్లు బ్యాంకుల వీధి నుంచి పైకెక్కే కమోందో మెట్లు చూసే ఉంటారు. రెండు పాయలుగా విడిపోయి, వంపు తిరిగి మళ్లీ కలిసే మెట్లు. 19వ శతాబ్దం చివరి భాగంలో ఆ కుటుంబమే కట్టించింది. బడిపిల్లలు, ఉద్యోగులు, పిల్లులు, అందరూ వాడుకునే మెట్లు. ఫొటోలు దిగేవాళ్లలో ఆ పేరు ఎవరిదో అడిగేవారు తక్కువ.

నన్నడిగితే ఆ మెట్లే అసలైన దానం. పారిస్ ఇంట్లోకి టికెట్టు కొనుక్కుని వెళ్లాలి.

కుంచె:

నాది ఇంకో అభ్యంతరం. అందరూ మోయిజ్ గురించే మాట్లాడుతున్నారు. పక్కనే పెరిగిన పెదనాన్నగారి కొడుకు ఇజాక్ ద కమోందో (1851–1911) ఏమయ్యాడు? అసలు కళాపోషకుడు ఆయనే.

మోయిజ్ కొన్నవన్నీ చచ్చి వందేళ్లయిన కళాకారులవి. వాటికి పేరుంది, ధర ఉంది, ఎవరూ వేలెత్తి చూపరు. ఇజాక్ కూడా మొదట పాత ఫర్నిచరూ జపాన్ ముద్రాచిత్రాలూ కొన్నాడు, తర్వాత దెగా, మోనే, మానే, సెజాన్ వంటి ఆనాటి కొత్త చిత్రకారుల వైపు తిరిగాడు. దెగా గీసిన "అబ్సింత్" చూడండి: పొద్దున్నే కాఫీ దుకాణంలో గాజుకళ్లతో కూర్చున్న ఒక ఆడమనిషి, పక్కన ఇంకెటో చూస్తున్న మగవాడు, ముందు ఆకుపచ్చని మద్యం గ్లాసు. 1893లో లండన్‌లో ప్రదర్శిస్తే దీన్ని నానా తిట్లూ తిట్టారు. ఇజాక్ కొన్నది ఆ ఏడాదే. సెజాన్ పేకాటరాయుళ్లు, మానే పిల్లనగ్రోవి కుర్రవాడు, మోనే రువాన్ చర్చి చిత్రాలు నాలుగు, అన్నీ ఆయనవే.

వాటన్నిటినీ పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియానికి రాసిచ్చాడు. బతికున్న చిత్రకారుల పనిని లూవ్ర్ గోడకు ఎక్కించకూడదని అప్పటి కట్టుబాటు. ఈ సేకరణ కోసం దాన్ని పక్కన పెట్టారు. 1914లో గదులు తెరిచేనాటికి దెగా, మోనే ఇద్దరూ బతికే ఉన్నారు. ఒక బ్యాంకరు వీలునామా లూవ్ర్ తలుపు బద్దలు కొట్టిందన్నమాట. కుర్చీల పెద్దమనిషి చేసింది ఇందులో ఎన్నో వంతు?

అన్నట్టు ఇజాక్ సంగీతకారుడు కూడా. సొంతంగా ఒక ఒపెరా రాసి 1906లో పారిస్‌లో ఆడించాడు.

పాతపుస్తకం:

కుంచె గారూ, ఇజాక్ ధైర్యాన్ని కాదనను. ఆయన కొన్నవి ఈనాడు అందరూ మెచ్చేవి కనుక ఆయన గొప్పవాడయ్యాడు. అవే చిత్రాలు మట్టికొట్టుకుపోయి ఉంటే? మోయిజ్ అలాంటి జూదం ఆడలేదు. పనితనం చూశాడు. ఒక మేజా సొరుగు ఎంత నున్నగా జారుతుందో, ఆకులూ తీగలూ తీర్చిన చెక్కపొదుగులో గీత ఎక్కడైనా తప్పిందా, ఇవి చూశాడు. పనివాడి చేతికి దండం పెట్టే రకం. అదీ పోషణే.

సీన్ ఒడ్డున:

నేను పారిస్‌లోనే ఉంటాను కాబట్టి ఇంటి లోపలి సంగతి చెబుతాను. వాదనలు తర్వాత.

పెద్ద హాలులో నేల మీద పరిచిన తివాచీ 14వ లూయీ కాలంలో లూవ్ర్‌లోని పొడవాటి గ్యాలరీ కోసం వరుసగా నేయించిన 93 తివాచీల్లో ఒకటి. భోజనశాలలో వెండి పాత్రలు రష్యా సామ్రాజ్ఞి కేథరిన్ తన ప్రియుడు ఓర్లోవ్ కోసం పారిస్‌లో చేయించిన వరుసలోవి. ఇవన్నీ చూసి గైడు చెప్పేది విని తల ఊపి ముందుకు పోతాం. నేను ఆగిపోయేది భోజనశాల పక్కనున్న చిన్న గదిలో.

అది పింగాణీ గది. గోడల పొడుగునా అద్దాల అలమరలు, వాటి నిండా సేవ్ర్ కార్ఖానాలో 1780ల్లో చేసిన పళ్లాలు, గిన్నెలు, మంచుగిన్నెలు. ఆకుపచ్చ అంచు, నడుమ ఒక్కొక్క దాని మీద ఒక్కొక్క పక్షి. ప్రకృతి శాస్త్రవేత్త బ్యూఫాన్ పక్షుల గ్రంథంలోని బొమ్మలు చూసి దించినవి. పళ్లెం తిప్పి చూస్తే అడుగున ఆ పక్షి పేరు రాసి ఉంటుంది. అతిథులు లేని రోజుల్లో మోయిజ్ ఈ గదిలోనే, పార్కు వైపు కిటికీ దగ్గర చిన్న బల్ల వేయించుకుని ఒంటరిగా మధ్యాహ్న భోజనం చేసేవాడట. భార్య ఇరీన్ అప్పటికి ఎన్నో ఏళ్ల క్రితమే విడాకులిచ్చి, గుర్రాల వ్యవహారం చూసే ఒక ఇటాలియన్ కౌంట్‌ను పెళ్లాడింది. కొడుకు పోయాడు. కూతురు బేయాట్రిస్‌కు పెళ్లయి వేరే కాపురం వెళ్లింది.

రావుగారూ, మీరు తప్పకుండా వంటింటికి వెళ్లండి. తెల్లని పలకల గోడలు, గదిలో సగం మేర ఆక్రమించిన ఇనుప పొయ్యి, మాంసం కాల్చడానికి వేరే పెద్ద పొయ్యి, గోడల వెంట రాగి గిన్నెలు. పక్కన నౌకర్ల భోజనాల గది. పైన 18వ శతాబ్దం నటిస్తున్న ఇంటికి కింద 1914 నాటి యంత్రాలు: లిఫ్టు, వేడిగాలి గొట్టాలు, కుళాయిలు బిగించిన స్నానాల గదులు. వరుసగా ఇవి చూస్తే ఈయన గతంలో బతికాడని అనలేం. అలంకారం మాత్రం గతంలోది, సుఖం వర్తమానంలోది.

సందేహాలరావు:

వంటింటి వర్ణన బాగుంది, ఒప్పుకుంటాను. కానీ నా ప్రశ్న అలాగే ఉంది. ఆ పొయ్యి దగ్గర నిలబడ్డవాళ్ల పేర్లు ఏ పళ్లెం అడుగునైనా ఉన్నాయా?

చార్మినార్ నీడ:

మా హైదరాబాదులో దీనికి సరిగ్గా ఎదురు కథ ఉంది కనుక చెబుతాను. మూడో సాలార్ జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ కొన్నాళ్లు నిజాముకు దివాను, ఆ తర్వాత జీవితమంతా సేకరణే. పెళ్లి చేసుకోలేదు, వీలునామా రాయలేదు. 1949లో పోయాడు. ఆయన భవనం దివాన్ దేవ్‌డీలోనే 1951లో నెహ్రూ మ్యూజియం ప్రారంభించారు. 1968లో మూసీ ఒడ్డున కొత్త భవనానికి సామాను మొత్తం తరలిపోయింది. దేవ్‌డీ ఇప్పుడు దాదాపు లేదు. వస్తువులు దక్కాయి, లక్షల మంది చూస్తున్నారు, మంచిదే. కానీ ఆ మనిషి ఏ గదిలో ఏది పెట్టుకున్నాడో, పొద్దున లేచి ముందు దేని మొహం చూసేవాడో ఎవరికీ తెలియదు. కమోందో వీలునామాలో "కదపవద్దు" అన్న ముక్క విలువ నాకు అక్కడ తెలుస్తుంది.

మేడమెట్లు:

"కదపవద్దు" అన్న షరతుకు రెండో వైపు కూడా ఉంది నీడ గారూ. ఏ పరిశోధకుడో రెండు మ్యూజియాల్లోని ఒకే పనివాడి బల్లల్ని పక్కపక్కన పెట్టి చూపాలనుకుంటే ఈ ఇంటి నుంచి ఒక్క కాలు కూడా బయటికి రాదు. చచ్చినవాడు బతికున్నవాళ్ల చేతులు కట్టేయడం నాకు ఎప్పుడూ ఇబ్బందే.

నీలిసిరా:

ఇంతసేపూ చదువుతున్నాను. బేయాట్రిస్ పేరు వచ్చి వెంటనే జారిపోయింది. దానం గురించి మాట్లాడుతూ అది వదిలేస్తే సగం కథే అవుతుంది.

ఫ్రాన్స్ 1940లో నాజీ జర్మనీ చేతిలో ఓడిపోయింది. యూదుల మీద చట్టాలు వచ్చాయి. బేయాట్రిస్ గుర్రపు స్వారీ చేసే మనిషి, పెద్ద పెద్ద ఇళ్లతో స్నేహాలు. అన్న ఫ్రాన్స్ కోసం ప్రాణమిచ్చాడు. తండ్రి ఇల్లే ఫ్రాన్స్‌కు ఇచ్చాడు. ఇంకో కౌంట్ లూవ్ర్ నింపాడు. మమ్మల్నెవరు ముట్టుకుంటారని ఆమె అనుకుంది. 1942లో కథోలిక మతం కూడా పుచ్చుకుంది. ఆ ఏడాది చివరనే పట్టుకున్నారు. భర్త లియోన్ రైనాక్, కూతురు ఫానీ, కొడుకు బెర్త్రాన్‌లను పారిస్ శివారు ద్రాన్సీ శిబిరం నుంచి 1943 నవంబరు 20న నాజీల మరణశిబిరం ఆష్‌విట్జ్‌కు పంపారు. ఆమెను 1944 మార్చి 7న. నలుగురిలో ఒక్కరూ తిరిగి రాలేదు. బేయాట్రిస్ 1945 జనవరిలో పోయింది, రష్యన్ సైన్యం ఆ శిబిరానికి చేరే కొద్ది రోజుల ముందు.

ఆ రోజుల్లో మోన్సో వీధిలోని ఇంట్లో ఏమీ పోలేదు. అది ప్రభుత్వ ఆస్తి కదా! ఒక్క పళ్లెం కూడా పగలలేదు. వీలునామాలో రాసిన ప్రతి షరతూ అక్షరాలా పాటించారు.

విశ్రాంత క్యాషియర్:

నీలిసిరా గారూ, అప్పు పత్రం రాసేటప్పుడు ఎదుటివాడు ఏం చెల్లించాలో రాస్తాం. దానపత్రంలో ఆ గడి ఉండదు. మోయిజ్ కుర్చీల గురించి అన్ని షరతులు రాశాడు, కూతురి గురించి రాయవలసి వస్తుందని 1924లో ఏ తండ్రి అనుకుంటాడు?

నీలిసిరా:

అల్లుడు ఆ గడి అడిగి చూశాడు. 1941లో బేయాట్రిస్‌కు చెందిన ఒక చిత్రాన్ని నాజీలు పట్టుకుపోయారు. చిత్రకారుడు రెన్వా గీసిన "చిన్నారి ఇరీన్". మోయిజ్ మాజీ భార్యను ఎనిమిదేళ్లప్పుడు గీసినది: జుట్టు వీపు మీదుగా పరుచుకుని, నీలి గౌనులో, చేతులు ఒళ్లో పెట్టుకుని పక్కకు చూస్తున్న పిల్ల. దాన్ని వెనక్కివ్వమంటూ, మా కుటుంబం ఈ దేశానికి ఇచ్చినవి చూడండని లియోన్ అధికారులకు లేఖ రాశాడు. జవాబుతో పని జరగలేదు. చిత్రం నాజీ నాయకుడు గోరింగ్ దాకా పోయింది.

కుంచె:

ఆ చిత్రం తర్వాతి కథ ఇంకా విచిత్రం. 1880లో రెన్వా గీసి ఇచ్చినప్పుడు ఇరీన్ తల్లిదండ్రులకే నచ్చలేదు, డబ్బు కూడా ఆలస్యంగా ఇచ్చారు. యుద్ధం తర్వాత ఇరీన్ బతికే ఉంది, ఎందుకంటే రెండో పెళ్లితో ఆమె పేరు ఇటాలియన్, మతం కథోలిక. 1946లో తన చిన్ననాటి బొమ్మ తనకే తిరిగి వచ్చింది. 1949లో అమ్మేసింది. కొన్నది ఎమిల్ బ్యూర్లే, నాజీ జర్మనీకి ఫిరంగులు అమ్మిన స్విట్జర్లాండ్ కార్ఖానాదారు. ఇప్పుడు జ్యూరిక్ కున్‌స్ట్‌హౌస్‌లో వేలాడుతోంది. కూతురి ఆస్తి కూడా ఆమెకే చేరింది. 1963 దాకా బతికింది.

సందేహాలరావు:

అంటే వేలాది వస్తువులు కదలకుండా ఉండిపోయాయి, కదిలిన ఒక్క చిత్రమూ ఇన్ని చేతులు మారింది. సరే, వాదన వదిలేయను గానీ కొంచెం సవరిస్తాను. ఆయన దానం చేయలేదని ఇక అనను. ఇచ్చింది ఎవరికో చూసుకోలేదని అంటాను.

పాతపుస్తకం:

ఇచ్చింది ఎవరికో ఆయనకు బాగా తెలుసు రావుగారూ. ఫ్రాన్స్ 18వ శతాబ్దానికిచ్చాడు. ఇస్తాంబుల్ నుంచి వచ్చిన పిల్లవాడు ఆ దేశపు ఉత్తమమైన కాలాన్ని ఆ దేశస్థులకంటే బాగా నేర్చుకుని, శుభ్రం చేసి, అప్పజెప్పాడు. 20వ శతాబ్దపు ఫ్రాన్స్ ఆ బహుమతికి తగలేదు, అంతే. ఇల్లు కట్టేటప్పుడు వారసుడిగా కొడుకు ఉన్నాడు, అది కూడా మరవకండి. మ్యూజియం కోసం కట్టిన ఇల్లు కాదు. కొడుకు కోసం కట్టి, కొడుకు పోయాక ఏం చేయాలో తోచక మ్యూజియం చేసినది. నిస్సిమ్ జాడ తెలియడం లేదన్న కబురు విని నవలాకారుడు ప్రూస్ట్ కూడా ఆ తండ్రికి ఓదార్పు లేఖ రాశాడు.

చార్మినార్ నీడ:

సీన్ ఒడ్డున గారూ, ఆ ఇంట్లో బేయాట్రిస్ కుటుంబం గురించి ఏమైనా రాసి ఉందా?

సీన్ ఒడ్డున:

ఉంది. ప్రవేశద్వారం దగ్గర గోడకు ఒక శిలాఫలకం. మోయిజ్ దానం, నిస్సిమ్ మరణం, ఆపై కూతురి కుటుంబాన్ని ఆష్‌విట్జ్‌కు పంపిన సంగతి, అంతా ఆ కొద్ది వరుసల్లోనే. చాలామంది టికెట్ల వరుసలో నిలబడి చదువుతారు. లోపల గదుల్లో మాత్రం 1935 తర్వాత ఏమీ లేదు, షరతు అలాంటిది.

కుంచె:

చివరికి ఇజాక్ సంగతి మళ్లీ పక్కకు పోయింది. నేను వదలను. ఆయన కూడా షరతు పెట్టాడు: చిత్రాలన్నీ యాభై ఏళ్లపాటు ఒకే చోట ఉంచాలని. గడువు అయిపోయింది, విడదీశారు. ఇప్పుడు పారిస్‌లోని ఓర్సే మ్యూజియంలో అక్కడొకటి ఇక్కడొకటిగా ఉన్నాయి, సెజాన్‌లు సెజాన్‌ల దగ్గర, దెగాలు దెగాల దగ్గర. మేడమెట్లు గారు కోరే పద్ధతి ఇదే. చేతులు కట్టేయలేదు.

మేడమెట్లు:

అందుకే నా ఓటు ఇజాక్‌కు. యాభై ఏళ్లు చాలు ఎవరి మాటైనా చెల్లడానికి.

విశ్రాంత క్యాషియర్:

గడువున్న డిపాజిట్టు, గడువు లేని డిపాజిట్టు, రెండూ ఒకే ఇంట్లోవి! మావాడు వచ్చే నెల పారిస్ వెళ్తున్నాడు, ఒక్క రోజే ఖాళీ. ఏది చూడమనాలి?

సీన్ ఒడ్డున:

వెళ్లే ముందు తెరిచి ఉందో లేదో కనుక్కోమనండి, పాత ఇల్లు కదా, మరమ్మతులు వస్తుంటాయి. పొద్దున మోన్సో, మధ్యాహ్నం ఓర్సే. ఓర్సేలో చిత్రం చూశాక కింద చీటీలో చివరి వరుస దాకా చదవమనండి. "కౌంట్ ఇజాక్ ద కమోందో వీలునామా, 1911" అని ఉన్నవి ఎన్ని కనిపించాయో వచ్చి ఇక్కడ రాస్తే కుంచె గారు శాంతిస్తారు.

కుంచె:

శాంతించను. జపాన్ ముద్రాచిత్రాలు వేరే మ్యూజియంలో ఉన్నాయి, వాటి లెక్క ఎవరు తీస్తారు?